కుడి మలుపు తెగులు

మా చేలో మిరపకాయల ఘాటుకి ఒకసారి పైన పోతున్న విమానం తుమ్మిందని నేను చెబితే ఊళ్ళో సగం మంది నమ్మారు. మిగతా సగం మంది అది ఏ ఊరికి పోయే విమానమని అడిగారు. అలాంటి నేను, డెబ్భై ఆరేళ్ళు నిండాక, ఒకే ఒక్క నిజం చెబితే ఒక్కరూ నమ్మలేదు. ఆ నిజం పెట్రోలు గురించి.

మా మనవరాలు హారికకి మంగళగిరిలో ఏదో కంపెనీలో ఉద్యోగం. వారంలో మూడు రోజులు అక్కడికి పోయి చేస్తుంది, మిగతా రోజులు మా వరండాలో కూర్చుని అదే చేస్తుంది. ఆ పిల్లకి కార్ల పందెం పిచ్చి. చిలకలూరిపేట దాటాక మూతపడిన జిన్నింగ్ మిల్లు ఒకటుంది. పత్తి ఆరబోయడానికి వేసిన సిమెంటు కళ్ళమే నాలుగెకరాలు. గుంటూరు కుర్రాళ్ళు క్లబ్బు ఒకటి పెట్టుకుని నెలకో ఆదివారం అక్కడ పందెం నడుపుతారు. కార్లన్నీ గుంపుగా ఉరకవు. ఒక్కొక్కటే పోయి, కోన్ల మధ్య మెలికలు తిరిగి, మూడు చుట్లు కొట్టి రావాలి. తక్కువ సమయంలో వచ్చినవాళ్ళు గెలిచినట్టు. కోన్లు చాలకపోతే మిరపకాయలు నింపే గోనె టిక్కీల్లో ఊక కుక్కి నిలబెడతారు.

హారిక నడిపేది మా ఇంటి పాత ఎర్ర కారు. పొలం పోయి రావడానికి మా అబ్బాయి లక్ష్మీకాంత్ ఎప్పుడో కొన్నది. పెట్రోలు ఎంతుందో చూపించే ముల్లు ఏనాడో పడుకుంది. అయినా ఉరుకుకేమీ లోటు లేదు. ఉన్న జబ్బల్లా ఒకటే. మిల్లులో పత్తి బేళ్ళు కట్టే ప్రెస్సు షెడ్డు చుట్టూ పెద్ద కుడి మలుపు ఉంది. ఆ మలుపు సగానికి రాగానే బండి రెండు దగ్గులు దగ్గి, మొరాయించిన గేదెలా నిలబడిపోతుంది. కాసేపాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది. ఎడమ మలుపులో ఆగదు, తిన్నటి దారిలో ఆగదు. జనవరిలో అక్కడే ఆగింది, ఫిబ్రవరిలోనూ అక్కడే ఆగింది.

మార్చి పందేనికి వారం ఉందనగా లక్ష్మీకాంత్ కంచం ముందు కూర్చుని తీర్పు చెప్పాడు.

"ఈ ఆదివారం కూడా మధ్యలో ఆగిందంటే సోమవారం బండి అమ్మేస్తా. బ్రాడీపేటలో ఒకాయన అడుగుతున్నాడు. మిర్చి యార్డులో కనపడ్డ ప్రతివాడూ 'ఏరా లక్ష్మీకాంతూ, మీ అమ్మాయి బండి మళ్ళీ పడుకుందంటగా' అంటంటే తల ఎక్కడ పెట్టుకోవాలి?"

"అమ్మేస్తే నేనేం నడపాలి నాన్నా?"

"ఉద్యోగం ఇచ్చారుగా, కంప్యూటరు నడుపు."

ఆ పిల్ల పప్పులో నెయ్యి వేసుకోవడం మరిచిపోయి అన్నం తినేసింది. మా ఇంట్లో పిల్ల నెయ్యి మరిచిందంటే సంగతి లోపలికి దిగిందన్నమాట. మా ఆవిడ వెంకటరావమ్మ నా వంక చూసింది. పెద్దవాడివి, ఏదో ఒకటి చెయ్యవేం అని ఆ చూపుకి అర్థం. నలభై తొమ్మిదేళ్ళుగా ఆ చూపుకి అదే అర్థం.

మా వైపు మిరప ఆకు ముడుచుకుంటే రైతు చేసే పని ఒకటే. ఆకు తుంచి చొక్కా జేబులో పెట్టుకుని పురుగుమందుల కొట్టుకి పోతాడు. కొట్టాయన ఆకుని వెలుగుకి పట్టి చూసి, మూడు డబ్బాలు బల్ల మీద పెడతాడు. ఒకటి పురుగు చావడానికి, ఒకటి మొక్క బలానికి, మూడోది ఎందుకో మా వాళ్ళు ఎప్పుడూ అడగరు. మూడూ ఒకే డ్రమ్ములో కలిపి కొడతారు. మర్నాడు వాన పడి మొక్క తేరుకుంటే పేరు మందుది. తేరుకోకపోతే తప్పు వానది.

లక్ష్మీకాంత్ కూడా రైతే కాబట్టి, బండి ఆగిపోయిన వీడియో ఫోనులో పెట్టుకుని త్రినాథ్ కొట్టుకి బయల్దేరాడు. త్రినాథ్ మా ఊరి పురుగుమందుల డీలరు. పవర్ స్ప్రేయర్ల ఇంజన్లకి పోసే మందులు కూడా అమ్ముతాడు కాబట్టి ఇంజన్లన్నీ తన కింద లెక్కే. కబుర్లకి మనిషి దొరుకుతాడని నేనూ వెంట వెళ్ళాను.

త్రినాథ్ కళ్ళజోడు పైకి తోసి వీడియో రెండుసార్లు చూశాడు.

"కుడి మలుపులోనేనా, ఎడమలో కూడానా?"

"కుడిలోనే అన్నా."

"అయితే మొదటి దశే. భయం లేదు. ఎడమకి కూడా పాకితే కష్టం." మూడు సీసాలు బల్ల మీద పెట్టాడు. "ఇది లోపల మడ్డి కడిగేస్తుంది. ఇది ఇంజనుకి బలం. ఇదేమో ఈ రెంటికీ."

లక్ష్మీకాంత్ మూడోదాని గురించి అడగలేదు.

అప్పుడు నా నిజం బయటపెట్టాను. "ఒరేయ్, జబ్బు ఇంజనులో లేదురా. టాంకీలో ఉంది. బండి ఒక్కసారిగా కుడికి తిరిగితే లోపల పెట్రోలు ఎడమ మూలకి పోయి గోడెక్కుద్ది. తోడే పంపు ఉండేది కుడి పక్క. దానికి దొరికేది గాలి. గాలి తాగి ఏ ఇంజను నడుస్తుందిరా? వెనకటికి మన ట్రాక్టరు మీద మందు డ్రమ్ము కట్టి కొట్టేవాళ్ళం గుర్తుందా? గట్టు దగ్గర మలుపు తిప్పినప్పుడల్లా గొట్టం బుస్సుమనేది, మందు పడేది కాదు. గొట్టం కొసని చిల్లుల డబ్బాలో పెట్టి డ్రమ్ము అడుగున దించా. డ్రమ్ములో మందు ఎటు పోయినా డబ్బాలోది డబ్బాలోనే ఉండేది. అప్పట్నించీ బుస్సు లేదు."

త్రినాథ్ నవ్వు ఆపుకుంటూ, "పెదనాన్నా, మీరు మబ్బుకి మందు కొట్టింది ఆ డ్రమ్ముతోనే గదా?" అన్నాడు.

కొట్లో బెంచీ మీద కూర్చున్న ఇద్దరు రైతులు గట్టిగా నవ్వారు. మబ్బు సంగతి నేను కొంచెం పెంచి చెప్పిన మాట వాస్తవమే. కానీ డ్రమ్ము నిజం.

"సరే, నీ మాటే నిజమనుకో నాన్నా," అన్నాడు లక్ష్మీకాంత్. "మన పత్తి చేలో కంప పీకాక నలభై చుట్లు కొట్టింది పిల్ల. అక్కడెందుకు ఆగలా?"

"నల్లమట్టిలో చక్రం జారుద్ది కాబట్టి. జారిపోయేవాడితో ఎవడూ తగవు పడడు. సిమెంటు మీద చక్రం పట్టుకుంటది. బండేమో తిరుగుతానంటది, పెట్రోలేమో నేను పోయే దారినే పోతానంటది. అక్కడొస్తది తగవు."

"మందుకి తగవులు కూడా తెలుసు పెదనాన్నా," అని త్రినాథ్ మూడు సీసాలూ సంచిలో పెట్టాడు.

నమ్మించలేనప్పుడు చేసి చూపించాలి. బుధవారం మిల్లులో సాధన చేసుకోవడానికి క్లబ్బువాళ్ళు హారికకి అనుమతి ఇచ్చారు. బరువు తగ్గాలని లక్ష్మీకాంత్ ఎప్పుడూ మూడు లీటర్లే పోస్తాడు. ఆ వేళ కూడా మూడు లీటర్లు పోసి, త్రినాథ్ మందులు మూడూ కలిపి, దణ్ణం పెట్టి లోపలికి పోయాడు. నేను స్ప్రేయరు కోసమని బంకులో పట్టించుకొచ్చిన రెండు క్యాన్లు తీసి, ఇరవై లీటర్లు టాంకీలోకి వంచేశాను. నిండిన బిందెలో నీళ్ళు ఊగవు. ఊగడానికి చోటుంటే కదా.

మిల్లులో హారిక పది చుట్లు కొట్టింది. పది సార్లూ ప్రెస్సు షెడ్డు మలుపులో చక్రాలు కీచుమన్నాయి గాని ఇంజను ఒక్కసారి కూడా దగ్గలేదు. లక్ష్మీకాంత్ అక్కడికక్కడే త్రినాథ్‌కి ఫోను చేసి, "అన్నా, నీ చెయ్యి మంచిదన్నా," అన్నాడు.

సాయంత్రం హారికని పక్కకి పిలిచి నేను చేసిన పని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఫోనులో ఏవో అంకెలు చూసుకుంది.

"అందుకేనా తాతా, చుట్టుకి దాదాపు సెకను పోయింది? వెనకాల ఎవరో కూర్చున్నట్టు ఉంది బండి. ఇరవై లీటర్లంటే పదిహేను కిలోలు."

"నిండుగా పోస్తే ఆగదు. అది చాలదూ?"

"ఆగకుండా ఆఖరున వస్తే నాన్న ఊరుకుంటాడా? అప్పుడు ఆఖరున వచ్చిందని అమ్ముతాడు." ఫోను పక్కన పెట్టింది. "అయినా నువ్వు చెప్పింది నిజమేనా, విమానం లాంటిదా?"

ఇది నాకు గుచ్చుకుంది. విమానం సంగతి ఇప్పుడెందుకని లేచి వచ్చేశాను.

శనివారం టాంకీ ఖాళీ చేయించి, లెక్క ప్రకారం మూడు లీటర్లు పోయించాలని లక్ష్మీకాంత్ బండిని మాబు షెడ్డుకి తోలితే నేనూ ఎక్కాను. మాబు చిలకలూరిపేటలో పాతికేళ్ళ నుంచి మెకానిక్కు. మా బళ్ళన్నీ అతని చేతిలోవే. గొట్టం పెట్టి లాగితే పెట్రోలు వస్తూనే ఉంది. ఒక క్యాను నిండింది, రెండోది సగం దాటింది.

"ఇదేంది మాబూ? నేను పోసింది మూడేగా?" అన్నాడు లక్ష్మీకాంత్.

ఇక దాచి లాభం లేదని ఒప్పేసుకున్నాను. నిండుగా పోశాను కాబట్టే బండి ఆగలేదని, మందుకి ఇందులో సంబంధం లేదని, మళ్ళీ మూడు లీటర్లతో పోతే రేపు మలుపులో ఆగి తీరుతుందని చెప్పాను. నేను పెళ్ళినాడు కూడా అంత నిజాయితీగా మాట్లాడలేదు.

లక్ష్మీకాంత్ నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత అతని మొహం వెలిగింది.

"ఇరవై లీటర్లలో కలిసి నీళ్ళల్లే పలచబడి కూడా పని చేసిందా? మూడు లీటర్లకి ఇచ్చిన మోతాదు?" మాబు వైపు తిరిగాడు. "చూశావా మాబూ, మందంటే అదీ. రేపు చిక్కగా పడితే ఇంకెట్టా ఉంటదో. ఉండండి, కొత్త సీసాలు తెస్తా." మాబు మోటారుసైకిలెక్కి వెళ్ళిపోయాడు.

నేను స్టూలు మీద కూలబడ్డాను. షెడ్డు వెనక మాబు కోళ్ళు నాలుగు తిరుగుతున్నాయి. వాటికి నీళ్ళు పెట్టిన గిన్నె నల్లటి ప్లాస్టిక్‌ది, జానెడు వెడల్పు. పని లేక దాన్ని చూస్తూ కూర్చుంటే ఒక సంగతి తట్టింది. గిన్నె అడుగున బొటనవేలంత చిల్లు ఉంది. అయినా నీళ్ళు కారడం లేదు. అబద్ధాలు చెప్పేవాడికి వింతలంటే అనుమానం ఎక్కువ. లేచి వెళ్ళి నీళ్ళు పారబోసి చూశాను. చిల్లుకి లోపలివైపు రబ్బరు నాలుక ఒకటి అంటించి ఉంది. బయట నుంచి వేలు పెట్టి తోస్తే తెరుచుకుంది. లోపలి నుంచి నొక్కితే మూసుకుంది. వచ్చేవాళ్ళని రానిస్తుంది, పోయేవాళ్ళని పోనివ్వదు. అచ్చం నా డ్రమ్ములో డబ్బాకి పెద్దచదువు చెప్పించినట్టుంది.

"మాబూ, ఈ కోళ్ళ గిన్నె ఎక్కడిది?"

మాబు చూశాడు. గిన్నె వంక, బండి వంక, మళ్ళీ గిన్నె వంక చూశాడు. చేతిలో గుడ్డ మడత పెట్టాడు. మడత పెట్టే గుడ్డ కాదది.

"బాబాయ్, రెండేళ్ళ కింద ఈ బండికి పంపు మార్చా కదా. పాత పంపు ఆ గిన్నెలో కూర్చుని ఉండేది. కొత్తది లావు, పట్టలా. గిన్నె లేకపోయినా తోడుద్దిలే అని తీసేశా."

"తోడింది కూడా."

"రోడ్డు మీద తోడింది. రోడ్డు మీద ఎవడు తిప్పుతాడు అట్టా? ఈ పిల్ల సిమెంటు మీద బొంగరం తిప్పినట్టు తిప్పుద్దని నాకేం తెలుసు?" మెల్లగా నా పక్కన కూర్చున్నాడు. "మొన్న లక్ష్మీకాంతన్న వచ్చి ఆగిపోతుందంటే ప్లగ్గులు మార్చా, ఫిల్టరు మార్చా. గిన్నె గుర్తే రాలా. రోజూ దాంట్లో నీళ్ళు పోస్తుండేది నేనే."

"ఇప్పుడు పట్టించలేవా?"

"మూతి అరగదీస్తే పట్టుద్ది. నాలుకకి కొత్త రబ్బరు వెయ్యాలి. ఇంజను వాడుకోగా మిగిలిన పెట్రోలు వెనక్కొచ్చే గొట్టం ఉందే, దాని కొస ఈ గిన్నెలోకి తిప్పితే ఎప్పుడూ నిండుగా ఉంటది. గంట పని." చుట్టూ ఒకసారి చూశాడు. "కానీ ఒకటి బాబాయ్. ఇది బయటికి పొక్కకూడదు. కారులో ముక్క తీసి కోళ్ళకి పెట్టాడని పేటలో తెలిస్తే రేపట్నించి ప్రతివాడూ నా కోళ్ళ గూడు వెతుకుతాడు. నీ నోటితో చెప్పనని మాటివ్వు. బిగిస్తా."

హారిక నెయ్యి లేని పప్పన్నం కళ్ళ ముందు మెదిలింది. మాటిచ్చాను. ఇచ్చేటప్పుడు అదేమంత పెద్ద పని కాదనుకున్నాను. జరగనివి చెప్పకుండా ఉండటం నాకు కష్టం గాని, జరిగింది దాచడం ఎంతసేపు అనుకున్నాను.

మాబు వెనక సీటు లేపి, మూత విప్పి, పంపు బయటికి తీసి, గిన్నెలో కూర్చోబెట్టి దించాడు. లక్ష్మీకాంత్ తిరిగొచ్చేసరికి సీటు సీటులా ఉంది, కోళ్ళు సత్తు తట్టలో నీళ్ళు తాగుతున్నాయి. పక్కన మేమిద్దరం ఎండ గురించి మాట్లాడుకుంటున్నాం.

ఆదివారం పొద్దున్నే త్రినాథ్ స్వయంగా మిల్లుకి వచ్చాడు. తీర్థం పోసినట్టు మూడు సీసాలూ టాంకీలో పోసి, సీసా అడుగున మిగిలిన చుక్కని వేలితో మూత చుట్టూ రాశాడు. మా ఊళ్ళో సగం మంది వచ్చారు. గాలి మిరప కళ్ళాల వైపు నుంచి వీస్తుంటే అందరూ తుమ్ముతున్నారు. మాబు నాకు కాస్త దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

హారిక ఎక్కి బెల్టు పెట్టుకుంది. మొదటి చుట్టు మొదలైంది. ఊక టిక్కీల మధ్య మెలికలు దాటి, తిన్నటి దారిలో ఉరికి, ప్రెస్సు షెడ్డు దగ్గర బండి కుడికి వాలింది.  గిన్నె గిన్నెలా ఉందో లేదో, కొత్త రబ్బరు పట్టిందో ఊడిందో, మాబు గొట్టం సరిగ్గా తిప్పాడో లేదో. లక్ష్మీకాంత్ నా భుజం పట్టుకుని పిసుకుతున్నాడు. మలుపు సగం వచ్చింది. బండి దగ్గలేదు. షెడ్డు వెనక్కి పోయి కనపడకుండా పోయింది. చప్పుడు మాత్రం తెగని దారంలా వినపడింది. అవతలి మూల నుంచి ఎర్రగా బయటికొచ్చింది.

రెండో చుట్టు ఇంకా గట్టిగా తిప్పింది. మూడోది చూడలేక నేను మాబుని చూశాను. మాబు కళ్ళు మూసుకుని ఉన్నాడు.

ఇరవై ఆరు బళ్ళలో హారిక రెండోదిగా వచ్చింది. లక్ష్మీకాంత్ బ్రాడీపేట ఆయనకి ఫోను చేశాడు. "బండి ఇవ్వటంలేదండి. అమ్మాయి నడుపుద్ది. కావాలంటే మీ బండికి మందు పేరు చెప్తా, రాసుకోండి." అవతల ఆయన రాసుకున్నాడు కూడా.

తర్వాత కారులోంచి శాలువా తీసి త్రినాథ్‌కి కప్పాడు. ఆ ఎండలో శాలువాతో త్రినాథ్‌కి చెమటలు పోస్తున్నా తీయలేదు. నాలుగు ముక్కలు మాట్లాడమంటే, ఏ జబ్బునైనా మొదటి దశలోనే పట్టుకోవాలని, సొంత వైద్యం పనికిరాదని చెప్పి నా వైపు తిరిగాడు.

"యలమందయ్య పెదనాన్నా, పెట్రోలు గోడెక్కుద్ది అన్నారు. ఇవాళ మూడే లీటర్లు. ఎక్కిందా?"

అందరూ నన్నే చూస్తున్నారు. జన్మలో మొదటిసారి నా దగ్గర ఊరంతా వినదగ్గ కథ ఉంది. అందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించింది లేదు. మాబు తల దించుకుని చెప్పు కొసతో సిమెంటు మీద గీతలు గీస్తున్నాడు. నాలుక చివరిదాకా వచ్చిన కోళ్ళని నాలుగింటినీ వెనక్కి తోలుకున్నాను.

"ఎక్కలేదు నాయనా. నీ మందు వాసనకి భయపడి కిందే కూర్చుంది."

పెద్ద నవ్వు లేచింది. ముసలాయన ఓడినా తీరు మారలేదని ఎవరో అన్నారు. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. మా ఆవిడ ఎండ దెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చింది.

సాయంత్రం హారిక బండి కడుగుతూ నన్ను పిలిచింది. వెనక తలుపు తెరిచి ఉంది.

"తాతా, ఈ సీటు కింద బోల్టులు మొన్నటిదాకా తుప్పు పట్టి ఉన్నాయి. ఇప్పుడు మెరుస్తున్నాయి. ఎవరు విప్పారు?"

"ఎలక."

"ఎలకా? పన్నెండో నంబరు స్పానరుతోనా?"

"పదో నంబరు," అన్నాను. అన్నాక నాలుక్కరుచుకున్నాను.

ఆ పిల్ల పైపు కట్టేసి వచ్చి గడప మీద నా పక్కన కూర్చుంది. చేతులు పంజాబీ డ్రెస్సుకే తుడుచుకుంది.

"ఎలకకి టాంకీలో ఏం పని?"

"పెట్రోలు కుడి మలుపులో ఎటు పోతుందో చూద్దామని దిగిందంట. దిగిందిగదా అని పంపు పక్కనే కాపలా కూర్చుందంట. నువ్వు బండి తిప్పినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టి, 'ఎక్కడికే పోయేది, ఇక్కడే ఉండు' అంటందంట."

"మన ఊరి ఎలకేనా?"

"పేట ఎలక. పేరు చెప్పకూడదు. మాటిచ్చా."

హారిక నవ్వలేదు. నా మొహంలోకి చాలాసేపు చూసింది. విమానం కథ చెప్పిన నాడు కూడా అలా చూడలేదు. లోపల లక్ష్మీకాంత్ ఆరు నెలలకి సరిపడా మందు కావాలని త్రినాథ్‌తో ఫోనులో మాట్లాడటం వినపడుతోంది.

"నాన్న పోసుకుంటే పోసుకోనీ," అంది మెల్లగా. "వచ్చే నెల మూడు లీటర్లు కూడా వద్దు, ఇంకా తేలిగ్గా రెండే పోసుకుని పోదామనుకుంటున్నా. ఎలక ఏమంటుంది తాతా?"

కాసేపు లెక్కేసి చూశాను. మూడు చుట్లు, వెనక్కి రావడం, గిన్నె నిండుగా ఉండటం.

"రెండున్నర అంటది," అన్నాను.

ఆ పిల్ల ఫోను తీసి రెండున్నర అని రాసుకుంది.